బడి నుంచే మ్యూజియం చూపించడం: కలంకారీ తెరతో ఒక పూర్తి పాఠం

పాత నూలుబట్టల మీద పడే వెలుతురు 50 లక్సులు దాటకుండా మ్యూజియంలు జాగ్రత్త పడతాయి. అంతకు మించితే చెట్ల నుంచి తీసిన రంగులు త్వరగా వెలిసిపోతాయి. అందుకే కలంకారీ తెరల్లో చాలాభాగం ఏళ్ల తరబడి చీకటి గదుల్లో చుట్టలుగానే ఉంటాయి. ప్రదర్శనకు వచ్చినప్పుడు కూడా అద్దం వెనక, మసక వెలుతురులో, చేయి చాపినంత దూరం నుంచి చూడాల్సిందే. అదే తెర ఫొటోను పుత్తూరులోనో ఏర్పేడులోనో తరగతి గదిలో పెద్ద టచ్ స్క్రీన్, అంటే ఐఎఫ్‌పీ మీద పెద్దది చేస్తే, కలాన్ని మళ్లీ ఎక్కడ ముంచారో, గీత ఎక్కడ సన్నబడిందో వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు కూడా కనబడుతుంది.

ఆన్‌లైన్ మ్యూజియం వల్ల కలిగే అసలు లాభం ఈ దగ్గరితనమే. కొలత, స్పర్శ, వాసన మాత్రం అందులో దొరకవు. ఆ మూడూ టీచరు చేతుల మీదుగా రావాలి. రాకపోతే పిల్లలకు అది రోజూ చూసే వీడియోల్లో ఇంకొకటి అవుతుంది.

ఈ విషయంలో తిరుపతి, చిత్తూరు జిల్లాల టీచర్లకు మిగతావాళ్లకు లేని వీలుంది. మ్యూజియం ఫొటోల్లో కనబడే కలంకారీ పనిని ఇవాళ్టికీ చేస్తున్నవాళ్లు శ్రీకాళహస్తిలో ఉన్నారు. తిరుపతి నుంచి నలభై కిలోమీటర్లు కూడా లేదు. శ్రీకాళహస్తి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. కాబట్టి ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు పనికొచ్చే ఈ పాఠాన్ని కలంకారీ చుట్టూనే అల్లాం. పద్ధతి అలవాటయ్యాక శిల్పానికైనా, చిత్రానికైనా ఇదే నడక.

ఎక్కడ, ఏ మాటతో వెతకాలి

ముందు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైటు తెరవండి. అందరూ దాన్ని మెట్ అంటారు. హక్కుల గడువు తీరిన తన వస్తువుల ఫొటోలను ఈ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో సీసీ జీరో లైసెన్సు కింద వదిలేసింది. అంటే ఎవరైనా, దేనికైనా, అడక్కుండా వాడుకోవచ్చు. వెతికే పేజీలో ‘ఓపెన్ యాక్సెస్’ అన్న గడి టిక్కు పెడితే అలాంటివే వస్తాయి. అక్కడ 20.79 అనే నంబరుతో 1640-50 ప్రాంతపు కలంకారీ తెర ఒకటి ఉంది. భవనాల మధ్య మనుషులు కొలువుతీరిన తెర అది. ఆ నంబరులోనే ఒక చిన్న పాఠం ఉంది: చుక్కకు ముందున్న 20 అంటే మ్యూజియంలోకి 1920లో వచ్చిందని. నంబరు చూసి వస్తువు ఎప్పుడు చేతులు మారిందో చెప్పడం పిల్లలు ఒక్కసారికే పట్టేస్తారు.

తర్వాత లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. దీనికి వీ అండ్ ఏ అని వాడుక పేరు. మన బట్టలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఐ.ఎస్. అనో ఐ.ఎమ్. అనో మొదలయ్యే నంబర్లు భారతీయ విభాగానివి. బ్రూక్లిన్ మ్యూజియంలో పదిహేడో శతాబ్దపు కలంకారీ తెర ఒకటి ఏడు భాగాలుగా ఉంది. ఒక్కో భాగాన్ని ఒక్కో జట్టుకు ఇవ్వడానికి అంతకన్నా అనువైనది దొరకడం కష్టం.

చాలామంది టీచర్లు ఇక్కడే నిరాశపడతారు. ‘కలంకారీ’ అని కొడతారు, నాలుగు వస్తాయి, ఇంతే ఉన్నాయనుకుని వదిలేస్తారు. పాత రికార్డుల్లో మన బట్ట వేరే పేర్లతో ఉంది. చింట్జ్ అన్న మాటతో వెతకండి. దాని ఇంగ్లిషు స్పెల్లింగు సి, హెచ్, ఐ, ఎన్, టి, జెడ్. మంచం మీదో గోడ మీదో పరిచే పెద్ద తెరకు పలంపోర్ అని పేరు: పి, ఎ, ఎల్, ఎ, ఎమ్, పి, ఓ, ఆర్, ఇ. ఊరి పేరు బదులు ‘కోరమాండల్ కోస్ట్’ అని కొట్టినా చాలా బయటపడతాయి. దేవుళ్ల కథలున్న తెరలు కావాలంటే రామాయణ, కృష్ణ అన్న మాటలు ఇంగ్లిషులో కొట్టి, చేసిన చోటు ఇండియా అని, పదార్థం కాటన్ అని వడగట్టండి. వచ్చినవాటిలో బందరు వైపు అద్దకాలు కూడా కలిసి ఉంటాయి. అచ్చు వేసినదీ కలంతో రాసినదీ వేరుచేయడం పిల్లలకే పనిగా పెట్టొచ్చు. అచ్చులో ఒకే పువ్వు పది చోట్ల ఒకేలా ఉంటుంది. కలంతో రాసిన పదీ పది రకాలుగా ఉంటాయి.

మన దేశంలోవి కావాలంటే కేంద్ర సాంస్కృతిక శాఖ నడిపే మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ ఉంది. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియం, నాగార్జునకొండ మ్యూజియం, ఢిల్లీ నేషనల్ మ్యూజియం వస్తువులు అందులో కనబడతాయి. దాని వెనకున్న జతన్ సాఫ్ట్‌వేర్‌ను పుణెలోని సీ-డాక్ తయారుచేసింది. పేజీలు నిదానంగా తెరుచుకుంటాయి కాబట్టి కావలసినవి ముందురోజే దించి ఉంచుకోండి.

గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ 2011లో 17 మ్యూజియంలతో మొదలైంది. ఫొటోను దగ్గరగా చూపడంలో అది చాలా బాగుంటుంది. గదుల్లో నడిచినట్టు చూపే సదుపాయం మాత్రం తరగతికి అంతగా అక్కరకు రాదు. నలభైమంది ముందు ఒకరు మౌసు తిప్పుతుంటే మిగతావాళ్లకు తల తిరుగుతుంది. బోర్డుల మీది అక్షరాలు మసగ్గా ఉంటాయి. పైగా ఆ ఫొటోలు తీశాక వస్తువుల చోట్లు మారి ఉండొచ్చు. మ్యూజియం గది ఎంత పెద్దదో తెలియడానికి మూడు నిమిషాలు చూపించి ఆపేయండి.

ఫొటో దించేటప్పుడు

పేజీలో కనబడుతున్న బొమ్మ మీద నొక్కిపట్టి ‘సేవ్’ అంటే దిగేది చాలాసార్లు నమూనా బొమ్మే. ఆరేడు వందల పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. ఫోనులో బ్రహ్మాండంగా కనబడుతుంది, ఐఎఫ్‌పీ మీద మాత్రం మంచుపట్టినట్టు ఉంటుంది. బొమ్మ కింద ఉండే డౌన్‌లోడ్ బాణం గుర్తు నొక్కితేనే అసలు ఫైలు వస్తుంది. దిగాక ఫైలు వివరాల్లో వెడల్పు చూడండి. 4కే తెర మీద 3,840 పిక్సెళ్లు పడతాయి. కాబట్టి మొత్తం బొమ్మ చూపడానికి కనీసం మూడు వేలు ఉండాలి. అందులో ఒక మూలను నాలుగు రెట్లు పెంచి చూపాలంటే పన్నెండు వేలైనా కావాలి.

ఇంకో పొరపాటు వాట్సాప్ దగ్గర జరుగుతుంది. ఇంట్లో దించిన ఫొటోను బడి ఫోనుకు మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. అటాచ్ గుర్తు నొక్కి ‘డాక్యుమెంట్’గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. పెన్‌డ్రైవులో తీసుకెళ్లడం ఇంకా నమ్మకం.

కొన్ని మ్యూజియంల పేజీల్లో బొమ్మను పెంచుకుంటూ పోతే ముందు మసగ్గా ఉండి తర్వాత తేటపడుతుంది. పెద్ద ఫొటోను చిన్న చిన్న పలకలుగా కోసి, మనం చూస్తున్న మూలకు సంబంధించిన పలకలనే పంపుతారు గనుక అలా జరుగుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2022 జనవరిలో రెంబ్రాంట్ గీసిన ‘నైట్ వాచ్’ చిత్రాన్ని 717 గిగాపిక్సెళ్ల ఫొటోగా పెట్టింది. 8,439 ఫొటోలు కుట్టి చేసిన ఒక్క బొమ్మ అది. అంత పెద్దది కూడా మన ఫోనులో తెరుచుకుంటోందంటే ఈ పలకల పద్ధతి వల్లే. కాకపోతే నెట్టు నెమ్మదిస్తే పలకలు రావడం ఆగుతుంది, పిల్లల చూపు చెదిరేదీ అప్పుడే. అందుకని చూపదలచిన చోట్లను ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. ఒక్కో వస్తువుకు మూడు చాలు: మొత్తం బొమ్మ, ఒక భాగం, నూలుపోగులు కనబడేంత దగ్గర. వరసగా 1ఎ, 1బి, 1సి అని పేర్లు పెట్టండి. కరెంటు, నెట్టు రెండూ ఉన్న రోజున సైటే తెరిచి చూపించొచ్చు, ఏది పోయినా ల్యాప్‌టాప్‌లో మూడు వస్తువులకు కలిపి ఈ తొమ్మిది బొమ్మలతో పాఠం నడిచిపోతుంది.

లైసెన్సు గడిని ప్రతి పేజీలో చదవండి. సీసీ జీరో అయితే దిగులు లేదు. బ్రిటిష్ మ్యూజియం ఫొటోల మీద ఉండే సీసీ బై-ఎన్‌సీ-ఎస్ఏ లైసెన్సు వ్యాపారానికి ఒప్పుకోదు, మ్యూజియం పేరు వేయమంటుంది, మార్చి చేసినదాన్ని కూడా అవే షరతులతో పంచమంటుంది. తరగతిలో చూపడానికి ఇబ్బంది లేదు. ప్రకటనల డబ్బులొచ్చే యూట్యూబు చానల్లో మాత్రం పెట్టకూడదు.

గది, తెర, రంగు

ఐఎఫ్‌పీలోని బ్రౌజరు పాతబడి ఉంటే మ్యూజియం సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతాయి. ల్యాప్‌టాపును హెచ్‌డీఎంఐ వైరుతో తగిలించండి. వైరు కనీసం మూడు మీటర్లుంటే మీరు పక్కన నిలబడి పిల్లల ముఖాలు చూడగలుగుతారు. కిటికీ వెలుగు తెర మీద పడుతుంటే పాత చీరో దుప్పటో అడ్డం కట్టండి.

రంగు సంగతి మరవొద్దు. ల్యాప్‌టాపులో నైట్ లైట్, ఫోనులో కంటికి హాయినిచ్చే మోడ్ ఆన్‌లో ఉంటే తెలుపంతా పసుపు తిరుగుతుంది. కలంకారీలో ఇది పెద్ద తప్పుకు దారితీస్తుంది. కరక్కాయ, పాలు పట్టిన బట్టకు సహజంగా ఉండే లేత గోధుమ ఛాయ ఏదో, తెర తెచ్చిపెట్టిన పసుపు ఏదో తేడా తెలియదు. పాఠానికి ముందు ఒక తెల్లకాగితాన్ని తెర పక్కన పట్టి, తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి పోల్చండి. కొన్ని మ్యూజియం ఫొటోల అంచున రంగుల పట్టీ, స్కేలు ఉంటాయి. వాటిని కత్తిరించకుండా పిల్లలకు చూపించండి, ఎందుకు పెట్టారో అడగండి.

పాఠం నడిపే తీరు

రెండు పీరియడ్లు కలిపి 80 నిమిషాలు అడగండి. హెచ్ఎం ఒప్పుకోకపోతే రెండు రోజులకు విడగొట్టండి గానీ, నలభై నిమిషాల్లో కుక్కొద్దు. మూడు వస్తువులకు మించి పెట్టొద్దు. తొలిసారి చేస్తుంటే ఒకటే మేలు. ఇరవై బొమ్మలు గబగబా తిప్పితే పిల్లలకు ఒక్కటీ మిగలదు.

మొదటి రెండు నిమిషాలు మాటల్లేవు. మొత్తం బొమ్మ తెర మీద పెట్టి, పేరు గాని, ఏడాది గాని, మ్యూజియం గాని చెప్పకుండా ఊరకే చూడనివ్వండి. వివరాల పట్టీ కనబడితే దాని మీద కాగితం అతికించండి. టీచరు ముందే ‘ఇది ఫలానా’ అన్నారా, పిల్లలు చూడటం మానేసి రాసుకోవడం మొదలుపెడతారు.

తర్వాత మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకేం కనబడుతోంది? మ్యూజియం విద్యలో ఈ మూడింటికీ పెద్ద చరిత్రే ఉంది. ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ రూపొందించిన పద్ధతి ఇది, ప్రపంచమంతా వాడుతున్నారు. మన పిల్లల విషయంలో రెండో ప్రశ్నకే ఎక్కువ పని. గుళ్లూ హరికథలూ ఎరిగిన పిల్లలు కాబట్టి చూడగానే ‘రాముడు సార్!’ అని అరిచేస్తారు. అక్కడితో తమ పని అయిపోయిందనుకుంటారు. ‘ఏం చూసి అన్నావురా?’ అని నెమ్మదిగా అడగండి. విల్లు చూసి, నీలం ఒళ్లు చూసి, పక్కన నిలబడ్డ లక్ష్మణుణ్ని చూసి అంటారు. అప్పుడు రంగుల సంప్రదాయం వాళ్ల నోటనే వస్తుంది: నీలం దేవుళ్లకు, ఆడవాళ్లకు పసుపు అని. జవాబు తప్పైనా దిద్దొద్దు. ఒకరి మాటను ఇంకొకరు చూసి దిద్దుకోవాలి. మీరు చేయాల్సింది, పిల్ల చెప్పిన చోటును తెర మీద వేలితో చూపడం, చెప్పినదాన్ని మరో మాటలో అందరికీ వినబడేలా తిరిగి అనడం. పావుగంట ఇలా నడవనివ్వండి.

ఇప్పుడు కొలత. ‘దీని ఎత్తెంత?’ అని అడిగి అంచనాలు నల్లబల్ల మీద రాయండి. తెర మీద ప్రతిదీ ఒకే పరిమాణంలో కనబడుతుంది కాబట్టి అరచేతి ముక్కా, గోడంత తెరా పిల్లలకు ఒకటే. మ్యూజియం పేజీలో కొలతలుంటాయి, సాధారణంగా ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. మేజరింగ్ టేపూ చాక్‌పీసూ ఇచ్చి వరండా నేల మీద అసలు కొలతకు గీయించండి. పిల్లలను అందులో కూర్చోబెట్టండి, ఎంతమంది పడతారో లెక్కపెట్టించండి. పక్కనే మోనాలిసాను కూడా గీయిస్తే (77 సెంటీమీటర్లు ఎత్తు, 53 వెడల్పు) ఆశ్చర్యపోతారు. ‘నైట్ వాచ్’ అయితే దాదాపు పన్నెండున్నర అడుగుల ఎత్తు, పదిహేను అడుగుల వెడల్పు.

మళ్లీ గదిలోకి వచ్చి దగ్గర చూపు. ఈ పాఠానికి గుండెకాయ ఇదే, తొందరపడకండి. పాత కలంకారీలో వెతకాల్సినవి నాలుగు.

మొదటిది గీత. కలం ముంచగానే లావుగా మొదలై, పోనుపోను సన్నబడి, మళ్లీ లావెక్కుతుంది. ఆ లావు మొదలైన చోటల్లా చేయి ఒకసారి ఆగిందన్నమాట. ఒక జానెడు గీతలో ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టమనండి.

రెండోది నీలం ఆకులు. పలంపోర్లలో చెట్ల ఆకులు చాలావరకు నీలంగా కనబడతాయి. రాసినవాళ్లు నీలమే వేశారా? కాదు. నీలిమందు మీద పసుపు రాసి ఆకుపచ్చ తెప్పించారు. పసుపుకు వెలుగును తట్టుకునే బలం తక్కువ, రెండు మూడు వందల ఏళ్లలో అది పోయి కింది నీలం మిగిలింది. ఆకు మొదట్లోనో అంచునో పచ్చ చాయ మిగిలిందేమో వెతకమనండి. దొరికిందా, తరగతి గొల్లుమంటుంది.

మూడోది నలుపు గీత వెంట చిరుగులు. ఇనుముతో చేసిన నలుపు ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. అందుకే బొమ్మ అంచుగీత ఉన్నచోటే బట్ట పొడిపొడిగా రాలి ఉంటుంది, మిగతా బట్ట గట్టిగానే ఉంటుంది.

నాలుగోది తెలుపులో వెంట్రుకంత నీలం చారలు. నీలిమందులో బట్టను ముంచేటప్పుడు నీలం వద్దనుకున్న చోటంతా మైనం పూసేవారు. మైనం బీటలిచ్చిన చోట నీలం దూరింది. పదునైన కళ్లున్న పిల్లలే దీన్ని పడతారు.

ఇంతా అయ్యాకే వివరాల పట్టీ మీది కాగితం తీయండి. ఏడాది, చోటు, నంబరు చదివించండి. చరిత్ర చెప్పాల్సిన సమయం కూడా ఇదే. ఇంగ్లిషువాళ్లు 1611లో బందరులో దిగింది ఈ నూలు కోసమే. ఈ అద్దకాలకు యూరపులో ఎంత గిరాకీ పెరిగిందంటే అక్కడి నేతవాళ్లు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686 నుంచి 1759 దాకా నిషేధించింది. బ్రిటన్ 1721లో రంగులద్దిన నూలుబట్ట వాడకాన్నే తప్పు చేసి, 1774లో గాని సడలించలేదు. సాంఘికశాస్త్రంలో బట్టీపట్టే వ్యాపార కంపెనీల పాఠం ఆ ఆకుల పక్కన నిలబడితే వేరుగా వినబడుతుంది.

చివరి పదిహేను నిమిషాలు రాత. నోట్‌బుక్కులో మూడు గడులు గీయించండి: చూశాను, అనుకుంటున్నాను, తెలుసుకోవాలి. హార్వర్డ్‌లోని ప్రాజెక్ట్ జీరో అలవాటు చేసిన తీరు ఇది. ఇంటిపనిగా ఆ వస్తువుకు తెలుగులో 40 మాటల వివరాల పట్టీ రాయించండి. మ్యూజియం పేజీలోని ఇంగ్లిషును ఫోను చేత అనువదించి తెస్తారు, అది ముందే ఊహించండి. ‘హ్యాంగింగ్’ అంటే ఇక్కడ గోడకు వేలాడే తెర, యంత్రం ‘ఉరి’ అని రాయొచ్చు. ‘రెసిస్ట్’ అంటే రంగు అంటకుండా కాచే మైనం, యంత్రం ‘ప్రతిఘటన’ అనొచ్చు. ఇలాంటి పది మాటలకు మన మాటలు ముందే బోర్డు మీద రాసిపెడితే అనువాదం అవసరమే పడదు.

చేతికి అందించడం

తెర మీద చూసిన నలుపు ఎలా పుడుతుందో చూపడానికి మీటరు గాడా బట్ట (చలువ చేయని ముతక నూలుబట్ట) చాలు. ముప్పై సెంటీమీటర్ల ముక్కలు తొమ్మిది వస్తాయి. ఎనిమిది జట్లకు ఎనిమిది, ఒకటి విడిగా పెట్టండి. ముందు గంజి పూర్తిగా పోవాలి. రాత్రంతా నానబెట్టి, పొద్దున చిటికెడు చాకలిసోడా వేసి ఉడికించి, నాలుగు నీళ్లు మార్చి జాడించండి. గంజి మిగిలితే పాలు మచ్చలు మచ్చలుగా పడతాయి.

గింజ తీసిన కరక్కాయల పొడి 100 గ్రాములు, పచ్చి గేదెపాలు ఒక లీటరు. కలిపి, ఎనిమిది ముక్కలనూ పావుగంట ముంచి, ఒకేలా పిండి ఆరేయండి. తొమ్మిదో ముక్కను ముంచొద్దు. ప్యాకెట్ పాలే దొరికితే 6 శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ తీసుకోండి. టోన్డ్ పాలలో 3 శాతమే ఉంటుంది, గీత చెమ్మగిలి పక్కకు పాకుతుంది. పాలలోని కొవ్వే రంగును గీత దాటనివ్వకుండా ఆపేది.

నలుపుకు కసిం, అంటే ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన రసం కావాలి. శ్రీకాళహస్తిలో పనిచేసేవాళ్లను అడిగి ఒక సీసాడు తెచ్చుకోవడం సులువు. బడిలోనే చేయాలంటే మూడు వారాల ముందే మొదలుపెట్టండి: రెండు లీటర్ల నీళ్లు, తుప్పుపట్టిన మేకులు 200 గ్రాములు, బెల్లం 200 గ్రాములు. మట్టికుండలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో వేసి మూతికి బట్ట కట్టండి. మూత బిగించొద్దు, పులిసేటప్పుడు గాలి పుడుతుంది. పదిహేను, ఇరవై రోజులకు సిద్ధమవుతుంది. పులుపు వాసన కొడుతుంది, ఆ వాసన కూడా పిల్లలకు తెలియాలి.

వెదురుపుల్ల ఒక కొన చెక్కి, కొనకు అంగుళంన్నర పైన ఉన్ని దారం చుట్టి గట్టిగా కడితే కలం తయారు. ఉన్ని రసాన్ని పీల్చుకుని ఉంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే కొన దాకా దిగుతుంది. చింతపుల్ల బొగ్గుతో బొమ్మ గీసి, దాని మీద కసింతో రాయించండి. రాసేటప్పుడు లేతగా ఉన్న గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఇప్పుడు తొమ్మిదో ముక్క మీద రాయించండి. తుప్పు మరకలా గోధుమరంగే వస్తుంది, నలుపు రాదు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిస్తేనే నలుపు. సైన్సు టీచరును పక్కన నిలబెట్టుకోవాల్సిన ఘట్టం ఇది. యూనిఫాం మీద పడితే మరక పోదు కాబట్టి పాత చొక్కాలు తెచ్చుకోమనండి.

చూపు సరిగా లేని పిల్లలుంటే ఈ ముక్కలు, గాడా బట్ట, కరక్కాయ, కలం ముందే వాళ్ల చేతికివ్వండి. తెర మీద ఏముందో పక్క పిల్ల వివరించాలి. ఆ వివరణ విన్నాక గది మొత్తం ఇంకా శ్రద్ధగా చూస్తుంది.

శ్రీకాళహస్తికి తీసుకెళ్లేది దీని తర్వాతే, ముందు కాదు. నీలం ఆకు, లావు గీత, కరక్కాయ తెలిసిన పిల్లలు పనిచేసే మనిషిని అడిగే ప్రశ్నలే వేరు. బట్టను నిలవనీళ్లలో కాకుండా స్వర్ణముఖిలాంటి పారే నీళ్లలో ఎందుకు ఉతికేవారని అడుగుతారు. నిలవనీళ్లలో వదిలిన రంగు మళ్లీ తెల్లచోటికే అంటుకుంటుందని ఆయన నోటనే వింటారు.

మ్యూజియంవాళ్లతో నేరుగా మాట్లాడించాలంటే

విదేశాల్లోని పెద్ద మ్యూజియంలలో చాలావాటికి బడుల కోసం ప్రత్యేక విభాగం ఉంటుంది. ఈమెయిలు నెలన్నర ముందు పంపండి. అందులో తరగతి, పిల్లల వయసు, సంఖ్య, ఇంగ్లిషు ఎంత వచ్చు, ఏ వస్తువు గురించి (నంబరుతో సహా), గదిలో ఒకే తెర ఒకే కెమెరా ఉన్నాయన్న సంగతి, రెండు మూడు తేదీలు రాయండి.

వేళ లెక్క తప్పకూడదు. లండన్ ఉదయం 10 అంటే మనకు చలికాలంలో మధ్యాహ్నం 3:30, వేసవిలో 2:30. వాళ్ల గడియారం మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారుతుంది. కాబట్టి లండన్ బడి వేళలో కుదురుతుంది. న్యూయార్క్ ఉదయం 10 మనకు రాత్రి 7:30 లేదా 8:30. మెట్‌ను ఫొటోలకే ఉంచుకోవడం మంచిది.

జూమ్ ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది, గూగుల్ మీట్‌లో 60 వరకు సాగుతుంది. వీడియో కాల్ గంటకు సుమారు ఒక జీబీ తింటుంది. ఫోను హాట్‌స్పాట్ మీద ఆధారపడితే ఆ రోజు పొద్దుటి నుంచీ ఆ ఫోనులో వీడియోలు చూడకండి. రోజువారీ కోటా అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, అప్పుడు గొంతు కూడా సరిగా రాదు. ఇన్వర్టరుకు ఐఎఫ్‌పీ, రూటరు రెండూ తగిలి ఉన్నాయో లేదో చూసుకోండి. రూటరును మరిచిపోవడమే ఎక్కువ.

అవతలి మనిషిని రెండు వాక్యాలకోసారి ఆగమని ముందే కోరండి, ఆ విరామంలో మీరు తెలుగులో చెప్పాలి. పిల్లల ప్రశ్నలు ఐదు ఏరి ముందే పంపండి, మిగతావి అక్కడికక్కడ వస్తాయి. పిల్లల ముఖాలు రికార్డు చేయడానికి తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. లేకపోతే కెమెరాను టీచరు వైపే తిప్పి ఉంచండి.

ఇలాంటి మాటల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘మనది అక్కడెందుకుంది?’ కలంకారీ విషయంలో జవాబు చాలావరకు వ్యాపారం. అమరావతి శిల్పాల విషయంలో అలా కాదు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకల్లో చాలా మద్రాసు మీదుగా లండన్ చేరి, 1880లో బ్రిటిష్ మ్యూజియంలోకి వెళ్లాయి. మిగతావి ఇవాళ చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, అమరావతిలో ఉన్నాయి. ప్రశ్నను దాటవేయకుండా ఈ తేదీలు ఇచ్చి, మూడు చోట్ల ఉన్న పలకల ఫొటోలు పక్కపక్కన పెట్టించండి. ఎక్కడుండాలన్నది పిల్లలే వాదించుకోవాలి.

అన్నీ అయ్యాక పిల్లలు రాసిన పట్టీల్లో బాగున్న వాటిని, వాళ్లు కసింతో రాసిన ముక్కలను, ఫొటోల ప్రింట్లను వరండా గోడకు వరసగా తగిలించండి. ఎండ నేరుగా పడని గోడ చూడండి. ఫొటోల కింద మ్యూజియం పేరు, నంబరు, లైసెన్సు రాయండి. స్క్రీన్‌షాట్లు, పది మాటల జాబితా, కొలతలు ఒకే ఫోల్డరులో పెట్టి పెన్‌డ్రైవును బీరువాలో ఉంచితే, వచ్చే ఏడాది బదిలీ మీద వచ్చే టీచరు కూడా మొదటి రోజే ఈ పాఠం చెప్పగలరు.